సాయంత్రం ఎక్కి, అదే రోజు ఉదయం దిగడమా?

ప్రశ్న: టోక్యో నుంచి లాస్ ఏంజెలెస్‌కి జనవరిలో టికెట్ చూస్తున్నాను. సాయంత్రం 5 గంటలకు బయలుదేరి అదే రోజు ఉదయం 10కి చేరుతుందని యాప్ చూపిస్తోంది! దూరం కూడా ఒక సైట్లో 8,800, ఇంకో దాంట్లో 5,470, మరో దాంట్లో 4,750 అని ఉంది. పైగా తిరుగు ప్రయాణానికి రెండు గంటలు ఎక్కువట. యాప్ తీసేసి మళ్లీ వేసుకున్నా ఇదే వరస. ఏది నమ్మాలి?

జవాబు: అన్నీ నమ్మొచ్చు. పాపం, యాప్ తప్పేమీ లేదు.

ముందు దూరం సంగతి. ఆ మూడు అంకెలూ ఒకటే. మొదటిది కిలోమీటర్లలో, రెండోది మైళ్లలో (మైలు 1.609 కి.మీ.), మూడోది విమానాలవాళ్లు వాడే నాటికల్ మైళ్లలో (1.852 కి.మీ.). పది, యాభై కిలోమీటర్ల తేడా వస్తే టెన్షన్ పడకండి. టోక్యోకి హనేడా, నరీటా అని రెండు విమానాశ్రయాలున్నాయి. ఒక సైట్ ఒకదాని నుంచి కొలుస్తుంది, ఇంకోటి ఊరి నడిబొడ్డు నుంచి కొలుస్తుంది.

మీరే కొలుచుకోవాలంటే కంప్యూటర్లో గూగుల్ మ్యాప్స్ తెరిచి, టోక్యో మీద రైట్ క్లిక్ చేసి, దూరం కొలిచే ఆప్షన్ ఎంచుకుని, లాస్ ఏంజెలెస్ మీద నొక్కండి. గీత వంకరగా అలాస్కా వైపు వంగితే మ్యాప్ పాడైందనుకోకండి. భూమి గుండ్రం, మ్యాప్ చదును. రెండు నగరాలూ దాదాపు ఒకే అక్షాంశం మీద ఉన్నాయి కదా అని నేరుగా తూర్పుకే పోతే దాదాపు 500 కి.మీ. ఎక్కువ తిరగాలి. గ్లోబు మీద దారం లాగి చూస్తే ఇట్టే తెలిసిపోతుంది. ఏ యాప్ కన్నా నాకు ఆ దారమే ఇష్టం.

ఇక టైము. టికెట్ మీద ఉండేవి ఏ ఊరి గడియారం ప్రకారం ఆ ఊరివి. జనవరిలో లాస్ ఏంజెలెస్ టోక్యో కన్నా 17 గంటలు వెనక ఉంటుంది. అమెరికాలో వేసవికి గడియారం ముందుకు జరుపుతారు, జపాన్‌లో ఆ పద్ధతి లేదు కాబట్టి అప్పుడు తేడా 16 గంటలే. సాయంత్రం 5కి 10 గంటలు కలిపి, 17 తీసేయండి. ఉదయం 10 వచ్చింది కదా! అందుకే బయలుదేరే, చేరే టైములు తీసివేసుకోవద్దు. పక్కనే ఉండే మొత్తం ప్రయాణ సమయం చూడండి.

తిరుగు ప్రయాణం ఆలస్యానికి కారణం జెట్ స్ట్రీమ్. సుమారు 10 కి.మీ. ఎత్తున పడమర నుంచి తూర్పుకి వీచే గాలి ఇది. చలికాలంలో మరీ జోరు. అటు వెళ్లేటప్పుడు వెనక నుంచి తోస్తుంది, ఇటు వచ్చేటప్పుడు ఎదురు తగులుతుంది. 2020 ఫిబ్రవరిలో బ్రిటిష్ ఎయిర్‌వేస్ బోయింగ్ 747 ఒకటి ఇలాంటి గాలి ఊపుతోనే న్యూయార్క్ నుంచి లండన్‌కి 4 గంటల 56 నిమిషాల్లో వచ్చేసింది. మామూలుగా ఆరు గంటలు దాటే దారి అది.

కిలోమీటర్లలో ఉన్న దూరాన్ని 850తో భాగించి అరగంట కలిపితే ఉజ్జాయింపు సమయం వస్తుంది. మీ దారికి 11 గంటల దాకా వస్తుంది, అంటే వెళ్లే సమయానికీ వచ్చే సమయానికీ మధ్యలో. ఇంకా కచ్చితంగా కావాలంటే విమానాల రాకపోకలు చూపించే ఫ్లైట్‌రాడార్24 సైట్లో ఆ విమానం నంబరు కొట్టండి. గత కొన్ని రోజుల్లో నిజంగా ఎంతసేపు ఎగిరిందో రోజువారీగా కనిపిస్తుంది.