సిరొంచ సంబంధం

ప్రశ్న: మా అమ్మాయికి మహారాష్ట్రలోని సిరొంచ నుంచి సంబంధం వచ్చింది. వాళ్ళూ తెలుగువాళ్ళే. చుట్టాలేమో అది అడవి, మారుమూల అని భయపెడుతున్నారు. ఆ ఊరి కథేమిటి? మనుషులెలా ఉంటారు?
– ఒక తల్లి, కరీంనగర్

జవాబు: అమ్మా, నేను పుట్టి పెరిగింది సిరొంచలోనే. మారుమూల అన్న మాట నిజమే. జిల్లా కేంద్రం గడ్చిరోలికి అడవి దారిన రెండు వందల కిలోమీటర్ల పైమాటే. కానీ ఒకప్పుడు సిరొంచే జిల్లా కేంద్రం. 1860లో నిజాం గోదావరి ఎడమగట్టు తాలూకాలను ఇంగ్లీషువాళ్ళకు వదులుకుంటే, వాటితో ఎగువ గోదావరి జిల్లా ఏర్పడింది. భద్రాచలం కూడా అప్పట్లో మా జిల్లాలోదే! వార్ధా లోయ పత్తిని ప్రాణహిత, గోదావరుల మీదుగా పడవల్లో సముద్రానికి చేర్చాలని కాటన్ దొర ఆలోచన. నదిలో మూడు చోట్ల బండరాళ్ళు అడ్డం. వాటిని దాటించడానికి లాకులు, కాలువలు మొదలుపెట్టారు. ఈలోగా 1867లో బొంబాయి రైలు నాగపూర్ చేరింది, ఖర్చు కూడా తడిసి మోపెడైంది. 1871లో పనులు ఆపేశారు. 1874లో జిల్లానే తీసేసి, భద్రాచలాన్ని మద్రాసు వైపు, మమ్మల్ని చాందా (ఇప్పటి మహారాష్ట్రలోని చంద్రపూర్) జిల్లాలో కలిపారు. మేం మహారాష్ట్రలో ఉండటం వెనక కథ ఇదీ.

ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. నేను తెలుగు రాయడం మా అమ్మ దగ్గర, పంచాంగం చూసి నేర్చుకున్నాను. తహసీల్ ఆఫీసుకెళ్ళి చూడండి. ఏ పెద్దాయనో సాత్‌బారా, అంటే పొలం కాగితం, పట్టుకుని తన గోడు తెలుగులో చెప్తుంటే, పక్కనున్న కుర్రాడు గుమాస్తాకు మరాఠీలో చెప్తుంటాడు. ఇద్దరికీ ముఖపరిచయం కూడా ఉండకపోవచ్చు. ఈ గుణం నాకు మా ఊళ్ళో అన్నిటికన్నా ఇష్టం.

ఒక్క సంగతి దాచను. పెద్ద జబ్బు చేస్తే మంచిర్యాలకో మీ కరీంనగర్‌కో రావలసిందే. ప్రాణహిత మీద వంతెన పడ్డాక ఆ టెన్షన్ తగ్గింది. అంతకుముందు రేవులో పడవ కోసం కాచుకుని కూర్చునేవాళ్ళం.

అబ్బాయి వాళ్ళ పొలం నది ఒడ్డునుందా, 2022 జూలై వరదలో మునిగిందా అని అడగండి. అందులో మొహమాటం వద్దు. చూడటానికి వెళ్ళేటప్పుడు అమ్మాయిని కూడా తీసుకెళ్ళండి. మనసు కుదిరితే మరాఠీ ఇప్పటినుంచే మొదలుపెట్టమనండి. రేషన్ కార్డు నుంచి రేపు పిల్లల ప్రోగ్రెస్ కార్డు దాకా అక్కడ అన్నిటికీ అదే కావాలి.