చలికాలం టమాటాకి హీటర్ ఒక్కటే చాలదు

చికాగో శివారులో కొత్తగా ఇల్లు కొనుక్కున్న ఒకమ్మాయి అడిగింది: "అక్కా, పెరట్లో చిన్న గ్రీన్‌హౌస్ ఉంది. హీటర్ పెడితే జనవరిలో టమాటాలు కాస్తాయా?"

కాస్తాయమ్మా. కానీ హీటర్ ఒక్కటే పెడితే కాయవు. మొదటి ఏడాది నేను చేసిన పొరపాటు అదే. లోపల వెచ్చగా ఉంటే చాలనుకున్నాను. మొక్కలు సన్నగా సాగి, పాలిపోయి, ఒక పక్కకి వాలిపోయాయి. పూసిన నాలుగు పూలూ రాలిపోయాయి. ఎంత బాధపడ్డానో!

గుంటూరులో డిసెంబరులో కూడా పగలు 11 గంటలుంటుంది. ఇక్కడ 9 గంటలే, అందులోనూ చాలా రోజులు మబ్బే. అందుకే ముందు మొక్కలకి ఎండ బదులు పెట్టే ఎల్ఈడీ గ్రో లైటు కొనుక్కో. టైమర్ పెట్టి, పగటి వెలుతురుతో కలిపి రోజుకి 14 నుంచి 16 గంటలు వెలుతురు అందేలా చూడు. రాత్రి మాత్రం ఆర్పేయాలి, టమాటాకి చీకటి కూడా కావాలి.

పొట్టి రకాలే వెయ్యి. మైక్రో టామ్ జానెడు కూడా పెరగదు, ఒక గ్యాలన్ కుండీ చాలు. టైనీ టిమ్, రెడ్ రాబిన్ అంతకన్నా ఎత్తు పెరుగుతాయి, వాటికి రెండు గ్యాలన్లది పెట్టు. పెరట్లో మట్టి తవ్వి నింపకు, కుండీలో అది గట్టిపడిపోతుంది. కుండీల కోసమే అమ్మే తేలికపాటి మిశ్రమం, పాటింగ్ మిక్స్ వాడు. విత్తనాలు ఆగస్టు చివర్లో వేస్తే చలి ముదిరేలోపు మొక్క నిలదొక్కుకుంటుంది. ఇండియా నుంచి విత్తనాలు సూట్‌కేసులో పెట్టుకు రావద్దు, వాటికి ధ్రువపత్రాలు కావాలి. ఇక్కడివే కొను.

రాత్రి 55 ఫారెన్‌హీట్ కన్నా తగ్గితే పూత నిలవదు. వేడిని బట్టి దానంతటదే ఆగి, వెలిగే థర్మోస్టాట్ ఉన్న ఎలక్ట్రిక్ హీటర్ తీసుకో, మామూలు ఎక్స్‌టెన్షన్ కార్డుకి మాత్రం తగిలించకు. పొగ బయటికి పోయే దారి లేని గ్యాస్ హీటర్ అసలే వద్దు. అది మనుషులకీ ప్రమాదం, దాని పొగకి పూలూ రాలతాయి.

ఇక అసలు పని. తలుపులు మూసిన గ్రీన్‌హౌస్‌లో గాలీ ఉండదు, తుమ్మెదా రాదు. రోజూ పదకొండు గంటలప్పుడు, ఆకులు పొడిగా ఉన్నప్పుడు, ప్రతి పూగుత్తి వెనకా వేలితో రెండు మూడుసార్లు మెల్లగా తట్టు. పూలు బాగా విచ్చుకుని ఉంటే సన్నటి పసుపు పొడి రాలడం కనిపిస్తుంది. అది రాలిందంటే కాయ పడుతుందని నాకు ధైర్యం. మధ్యాహ్నం కాసేపు చిన్న ఫ్యాన్ వెయ్యి, లేకపోతే తేమ నిలిచి ఆకుల మీద బూడిదరంగు బూజు పడుతుంది.

కుళాయిలోంచి వచ్చే మంచులాంటి నీళ్లు అలాగే పొయ్యకు. బకెట్‌లో పట్టి రాత్రంతా వంటింట్లో ఉంచు. పైమట్టి అంగుళం లోతు ఆరాకే పొయ్యి.

ఆరు కుండీలతో రోజూ పప్పులోకి సరిపడా రావు, ముందే చెబుతున్నా. కానీ బయట మంచు పడుతుంటే, అప్పుడే కోసిన నాలుగు టమాటాలు చారులో చిదిమి వేసి చూడు. ఆ వాసనకి మా పిల్లలు పిలవకుండానే వంటింట్లోకి వస్తారు.