స్టీరింగ్ ముందు నుంచి: మీ ప్రశ్నలు, డ్రైవరన్న జవాబులు

ఉత్తరాలు బాగా పోగయ్యాయి, రాయడానికి తీరికెక్కడిది అనుకుంటుంటే ఇవాళ దొరికింది. పొద్దున ఆరింటికి అన్‌లోడింగ్ అన్నారు, ఇప్పుడు పదకొండున్నర, నా ముందు ఇంకా ఏడు బండ్లున్నాయి. ఇరవై రెండేళ్ళుగా లైన్ బండి, అంటే దూరాలు తిరిగే సరుకు లారీ నడుపుతున్నా, అందులో సగం ఇలా వరసలో నిలబడే గడిచిందేమో. సరే, మొదలెడదాం.

ప్రశ్న: మా ఆయన లాంగ్ లైన్ డ్రైవర్. ఫోన్ చేస్తే "తర్వాత చేస్తా" అని పెట్టేస్తాడు, మళ్ళీ చెయ్యడు. ఇంటికొచ్చాక కూడా మొదటి రోజంతా మాట్లాడడు, పడుకునే ఉంటాడు. ఇష్టం తగ్గిందేమోనని నాకు అనుమానం. (ఒక డ్రైవర్ భార్య)

ఇష్టం సంగతి నేను చెప్పలేనమ్మా, ఫోన్ సంగతి మాత్రం చెప్తా. మీరు ఫోన్ చేసేది ఎప్పుడు? రాత్రి పనులన్నీ అయ్యాక, తొమ్మిదో తొమ్మిదిన్నరో, అవునా? మీకు అది ఖాళీ టైం, ఆయనకేమో అప్పుడే రోడ్డు ఖాళీ అయ్యి బండి స్పీడు అందుకునే టైం. గంటకి 80 కిలోమీటర్ల స్పీడులో బండి సెకనుకి 22 మీటర్లు పోతుంది, మీరు "తిన్నావా" అని అడిగి ఆయన "ఆ" అనేలోపు 60 మీటర్లు అయిపోయినట్టే. చెవిలో పెట్టుకుని మాట్లాడొచ్చుగా అంటారు కొందరు, చేతులు స్టీరింగ్ మీదే ఉంటాయి నిజమే, కానీ మనసు ఇంట్లోకెళ్ళి కూర్చుంటుంది, పైగా మాట మాట పెరిగితే ఇక రోడ్డు కనపడదు.

మరి ఆగాక ఎందుకు చెయ్యడంటే, బండి ఆపడంతో పనైపోదు కదమ్మా. టైర్లు చూసుకోవాలి, తాళ్ళు వదులయ్యాయేమో చూడాలి, కాగితాలు సర్దుకోవాలి, ఓనరుకో ఆఫీసుకో ఎక్కడున్నామో చెప్పాలి, అవన్నీ అయ్యి సీటు వెనకాల ఒళ్ళు వాలిస్తే ఫోన్ చేతిలో ఉండగానే నిద్ర పట్టేస్తుంది. నేనూ అంతే చేసేవాణ్ణి, ఇంట్లో గొడవలూ అయ్యాయి. చివరికి మేం పెట్టుకున్న పద్ధతేంటంటే, బండి ఆపగానే నేనో మిస్డ్ కాల్ ఇస్తా, అంటే ఆపాను, బాగానే ఉన్నాను అని, దానికి తిరిగి చెయ్యక్కర్లేదు. ఇంటి కబుర్లు ఏమున్నా ఆవిడ వాయిస్ మెసేజ్ పెడుతుంది, నేను ఆగినప్పుడు వింటా. మా పాప ఒకసారి ఏడో ఎక్కం అప్పజెప్పి పంపింది, ఏడెనిమిదుల దగ్గర నీళ్ళు నమిలి యాభై నాలుగు అంటుంది, వెనక నుంచి వాళ్ళమ్మ నవ్వు. అన్‌లోడింగ్ లైన్లో కూర్చుని అది పదిసార్లు విని ఉంటా.

ఇక మొదటి రోజు నిద్ర గురించి. అది అలగడం కాదమ్మా, వారం రోజుల బాకీ. ఆ రోజు ఏ పనీ పెట్టకండి, చుట్టాలిళ్ళకీ ఆఫీసు పనులకీ తీసుకెళ్ళకండి, రెండో రోజు నుంచి కూర్చోబెట్టి అడగాల్సినవన్నీ అడగండి. మూడో రోజు కూడా మాట్లాడకపోతే అప్పుడు మళ్ళీ నాకు రాయండి.

ప్రశ్న: అన్నా, ఆరేళ్ళుగా బండి తోలుతున్నా. తెల్లారగట్ల మూడింటికి తూగొస్తది. టీ తాగుతా, మొహం కడుక్కుంటా, అద్దం దించుతా, పాటలు పెద్దగా పెడతా. అయినా ఆగట్లే. ఇంకేమన్నా చిట్కా ఉంటే చెప్పు.

తమ్ముడూ, చిట్కా ఒకటే, బండి పక్కన పెట్టి పడుకో. నువ్వు చెప్పినవన్నీ నేనూ చేశా, చెంప మీద కొట్టుకున్నా కూడా. ఐదు నిమిషాలు పని చేస్తాయి, ఆరో నిమిషానికి తూగు మళ్ళీ వచ్చి కూర్చుంటుంది. మన ఒంట్లో ఒక గడియారం ఉంది, రాత్రి రెండు నుంచి ఐదు మధ్యలో అది పడుకో పడుకో అంటూనే ఉంటుంది, మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడు దాకా ఇంకోసారి, కాస్త మెల్లగా. ఎన్నేళ్ళ డ్రైవరైనా దాన్ని మార్చుకోలేడు, "నాకలవాటే" అనేవాడంటే నాకు భయం ఎక్కువ.

ఒకటి చెప్తా విను. చాలా ఏళ్ళ కింద, తెల్లారగట్ల, తిన్నగా ఉన్న రోడ్డు, వర్షం లేదు, ఎదురుగా బండ్లు లేవు. నేను రెప్ప వాల్చలేదనే అనుకుంటున్నా. చక్రం మట్టిలోకి దిగి గరగరమంటే ఉలిక్కిపడ్డా. డ్యాష్‌బోర్డు మీద పెట్టిన పెన్ను నా కాళ్ళ దగ్గర ఉంది, ఎప్పుడు పడిందో చప్పుడు వినలేదు. నాకేం కాలేదు, ఎవరికీ ఏం కాలేదు, కానీ ఆ పెన్ను పడటం నేను చూడలేదన్నది ఇప్పటికీ మర్చిపోలేను. మైక్రోస్లీప్ అంటారే అదే ఇది, రెండు మూడు సెకన్లు కళ్ళు తెరిచే ఉన్నా మెదడు ఆఫ్ అయిపోతుంది, నీకు తెలీనే తెలీదు.

తాగి బండి నడపవు కదా నువ్వు? 17 గంటలు వరసగా మేలుకున్న మనిషి చురుకుదనం, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్న మనిషికి దగ్గరగా ఉంటుందని పరీక్షలు చేసి తేల్చారు. 24 గంటలు మేలుకుంటే 0.10 శాతంతో సమానం. అంటే ఒక్క చుక్క ముట్టకుండా తాగినవాడివైపోతావ్.

అయినా ఎక్కడో ఒక చోట తప్పదు అనుకో, అప్పుడిలా చెయ్యి. క్షేమంగా ఉండే చోట ఆపు, కాఫీ గబగబా తాగెయ్, వెంటనే ఇరవై నిమిషాలకి అలారం పెట్టి పడుకో. కాఫీ పని మొదలెట్టడానికి దాదాపు ఆ మాత్రం టైం పడుతుంది, నువ్వు లేచేసరికి అదీ లేస్తుంది. అరగంట దాటి గంటలోపు లేస్తే గాఢ నిద్రలోంచి లేచినట్టై తల దిమ్ముగా ఉంటుంది, ఇంకా పాడు. లేచాక వెంటనే స్టార్ట్ చెయ్యకు, దిగి బండి చుట్టూ నాలుగు రౌండ్లు నడువు. ఇది ఒక గంట రెండు గంటల సర్దుబాటే సుమా, రాత్రంతా తోలడానికి లైసెన్సు కాదు. ఇక నిద్ర రాకుండా మాత్రలమ్ముతారే, వాటి జోలికి మాత్రం పోకు, అవి నిద్రని తీసెయ్యవు, దాచిపెట్టి ఒక్కసారే మీదేస్తాయి.

ఐరోపా దేశాల్లో నాలుగున్నర గంటలు నడిపితే 45 నిమిషాలు ఆగి తీరాలి, రోజుకి 9 గంటలే, వారంలో రెండు రోజులు మాత్రం 10 దాకా వెళ్ళొచ్చు, బండిలో ఉన్న టాకోగ్రాఫ్ అనే మిషన్ అంతా రాసి పెడుతుంది కాబట్టి డ్రైవర్ అబద్ధం చెప్పాలన్నా కష్టం. అమెరికాలో 14 గంటల డ్యూటీలో 11 గంటలకి మించి స్టీరింగ్ పట్టకూడదు. ఓనరు తొందరపెడుతున్నాడంటావా, పెడతాడు, ఆయన ఇంట్లో పడుకుని పెడతాడు.

ఇంకో మాట, నీకు గురక ఉందా? ఎనిమిది గంటలు పడుకుని లేచినా పగలు తూగుతున్నావా? అలాగైతే నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చే జబ్బు, స్లీప్ ఆప్నియా, ఉందేమో డాక్టరుకి చూపించుకో. మెడ లావున్న డ్రైవర్లలో ఎక్కువ కనిపిస్తుంది, దానికి మంచి వైద్యమే ఉంది.

(ఇక్కడ లైన్ కదిలింది. రెండు బండ్లు ముందుకెళ్ళి మళ్ళీ రాస్తున్నా.)

ప్రశ్న: లారీ డ్రైవర్లు ముందు బండికీ తమకీ మధ్య అంత ఖాళీ వదిలేసి మెల్లగా పోతుంటారు, వెనక మేం కార్లలో చచ్చిపోతుంటాం. ఆ ఖాళీ ఎందుకండీ?

ఆ ఖాళీ మీ కోసమేనండీ. మీ కారు ఒకటిన్నర టన్ను ఉంటుందేమో, నిండు లోడు ట్రైలర్ 40 టన్నులు. పైగా మా బ్రేకులు గాలితో పని చేస్తాయి, నేను పెడల్ తొక్కాక గాలి పైపుల్లో వెనక చక్రాల దాకా వెళ్ళి పట్టడానికి ఇంచుమించు అర సెకను పోతుంది, 80 మీదుంటే అదే 11 మీటర్లు, ఇంకా బ్రేకు పట్టనే లేదు. స్పీడు రెట్టింపైతే బ్రేకు పట్టాక ఆగడానికి నాలుగింతల దూరం కావాలి. అందుకని ఖాళీ వదులుకుంటాం. వదలగానే ఒక కారు వచ్చి దూరుతుంది, నేను మళ్ళీ కాలు తీసి మళ్ళీ వదులుతా, ఇంకో కారు. రోజంతా ఇదే మా ఆట.

మీకు ఒకటే విన్నపం, మా అద్దంలో నా మొహం మీకు కనపడకపోతే మీరు నాకు కనపడనట్టే. బండి ముక్కు కింద, తోకకి ఆనుకుని, ఇంకా డ్రైవర్ సీటు లేని వైపు పక్కనే, ఈ మూడు చోట్లా కారు కాదు, ఏనుగున్నా మాకు తెలీదు. మలుపు దగ్గర మేం ముందు అవతలి పక్కకి జరిగి తిప్పుతాం ఎందుకంటే వెనక చక్రాలు ముందు చక్రాల దారిలో రావు, లోపలికి కోసుకుంటూ వస్తాయి. చోటుంది కదా అని ఆ లోపలికి బైకు పెడతారు చూడండి, నాకు అక్కడే గుండె ఆగుద్ది.

ప్రశ్న: దిగుడు రోడ్ల మీద న్యూట్రల్ చేసి వదిలేస్తే డీజిల్ మిగులుతుందని మా సీనియర్ అంటాడు. నిజమేనా?

కాదు. ఇప్పటి ఇంజన్లలో గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలేస్తే డీజిల్ పోవడమే ఆగిపోతుంది, న్యూట్రల్‌లో అయితే ఇంజన్ ఆడటానికి ఎంతో కొంత తాగుతూనే ఉంటుంది. మిగిలేదేం లేదు, పోయేది బ్రేకు. బరువంతా బ్రేకుల మీదే పడి, అవి కాలి కాలి, ఒక దశలో పెడల్ తొక్కినా పట్టవు. కాలిన వాసన వచ్చేసరికే ఆలస్యమైపోయింది అని లెక్క. ఎక్కేటప్పుడు ఏ గేరో దిగేటప్పుడూ అదే గేరు అని పాత డ్రైవర్ల మాట, బండి కొత్తదైతే ఇంకో గేరు తక్కువే వేసుకో. దిగుడు మొదలవ్వకముందే వెయ్యాలి, మధ్యలో కాదు. ఇంజన్ బ్రేకు వాడుకో, అంటే ఇంజన్ చేతే బండి స్పీడు పట్టించు. మీ సీనియర్‌తో దిగుడు రోడ్డు మీద వెళ్ళకు.

ప్రశ్న: పదిహేనేళ్ళుగా డ్రైవింగ్‌లో ఉన్నాను. మొహంలో కిటికీ వైపు సగం ముడతలు పడి నల్లబడింది, రెండో సగం బాగానే ఉంది. ఏదైనా జబ్బా?

నవ్వుకోకండి గానీ అద్దంలో నాదీ అంతే. 2012లో ఒక పెద్ద మెడికల్ జర్నల్‌లో ఒక 69 ఏళ్ళ ట్రక్కు డ్రైవర్ ఫోటో వేశారు, 28 ఏళ్ళు డెలివరీ ట్రక్కు నడిపాడట, మొహం ఒక పక్క ఆయన వయసుదే, కిటికీ వైపు మాత్రం ఇంకా చాలా ఏళ్ళు పైబడినవాడిలా ముడతలు. ఎండలో యూవీఏ అని ఒక రకం కిరణాలుంటాయి, అవి పక్క అద్దంలోంచి దూరి వచ్చేస్తాయి, ముందు అద్దం రెండు పొరలది కాబట్టి చాలా వరకు ఆపుతుంది. అద్దం ఎత్తే ఉంది కదా అని ధీమా పడకండి. సన్‌స్క్రీన్ రాసుకోండి, పొడుగు చేతుల చొక్కా వెయ్యండి, ఎవరన్నా నవ్వితే నవ్వనివ్వండి. మానని పుండో, రంగు మారే మచ్చో ఉంటే మాత్రం స్కిన్ డాక్టరుకి చూపించండి.

ప్రశ్న: డిగ్రీ అయిపోయింది. డ్రైవర్‌నవుదామనుకుంటున్నా, ఊళ్ళన్నీ చూడొచ్చు కదా. మీరేమంటారు?

చూడొచ్చు బాబూ, గోడౌన్ల వెనక వైపులన్నీ చూడొచ్చు. నేను రెండు వందల ఊళ్ళకి వెళ్ళి ఉంటా, అన్నిట్లోనూ తూకం కాటా ఎక్కడుందో తెలుసు, మిగతాది తెలీదు.

వద్దని కాదు. తెల్లారుతుండగా ఖాళీ రోడ్డు మీద ఇంజన్ సమంగా పాడుతుంటే ఆ సుఖం ఇంకే ఉద్యోగంలో దొరకదు. కానీ ముందు ఒక నెల ఎవరైనా మంచి డ్రైవర్ పక్కన కూర్చుని తిరుగు, అతను బండి ఎలా నడుపుతాడో కాదు, ఆగినప్పుడు ఏం చేస్తాడో చూడు. మంచోడైతే దిగగానే బండి చుట్టూ తిరుగుతాడు. ఒక్కో టైరు దగ్గర ఆగి హబ్, అంటే చక్రం నడిమి భాగం, దగ్గరగా చెయ్యి తిప్పి పెడతాడు, అరచెయ్యి కాదు, వెనక వైపు, ముట్టుకోకుండానే వేడి తెలుస్తుంది, ఒకటి మిగతా వాటికంటే వేడిగా ఉందంటే గాలన్నా తగ్గి ఉండాలి, బ్రేకన్నా పట్టేసి ఉండాలి, బేరింగన్నా పోయి ఉండాలి. జంట టైర్ల మధ్య రాయి ఇరుక్కుందేమో వంగి చూస్తాడు, అది ఊడి ఎగిరితే వెనకొచ్చేవాడి అద్దం పగులుద్ది. చక్రం విప్పి బిగించాక 50, 100 కిలోమీటర్లు పోయి నట్లు మళ్ళీ బిగిస్తాడు. లోడు కట్టాక కూడా అంతే, కొంత దూరం పోయాక సరుకు సర్దుకుని తాళ్ళు వదులవుతాయి. క్యాబిన్ నుంచి దూకడు, మెట్ల వైపు మొహం పెట్టి కడ్డీ పట్టుకుని దిగుతాడు. గంటలకొద్దీ కూర్చుని బిగుసుకుపోయిన మోకాళ్ళ మీద దూకితే ఏమవుద్దో నన్నడుగు, నా కుడి మోకాలు వాన వచ్చే ముందే చెప్తుంది.

నీళ్ళు తాగితే ఆపాల్సి వస్తుందని తాగడం మానేస్తారు కొందరు, ఆ తెలివి కిడ్నీలో రాళ్ళయ్యి బయటికొస్తుంది. ట్యాంకర్ ఎక్కాలనుకుంటే ఇంకొన్నాళ్ళు ఆగు, సగం నిండిన ట్యాంకర్ నిండు ట్యాంకర్ కంటే మొండిది, నువ్వు బ్రేకేసి ఆగాక లోపలి ద్రవం ముందుకొచ్చి మళ్ళీ తోస్తుంది.

డబ్బుల సంగతి చేరకముందే తేల్చుకో, బండి తిరిగిన దూరానికిస్తారా, రోజుకిస్తారా, వరసలో నిలబడ్డ గంటలకి ఏమన్నా ఉందా అని. ఆ మూడోది చాలామంది అడగరు. నేనూ అడగలేదు.

ప్రశ్న: డ్రైవర్ మామయ్యా, లారీలో నువ్వెక్కడ పడుకుంటావు? నీకు భయం వెయ్యదా? (మూడో క్లాసు)

సీటు వెనకాల చిన్న బల్ల ఉంటుంది నాన్నా, దాని మీద పరుపు, పరదా కూడా ఉంది. కాళ్ళు పూర్తిగా చాపితే తలుపుకి తగులుతాయి కాబట్టి కొంచెం ముడుచుకుని పడుకుంటా. వాన పడితే రేకు మీద టపటపమని భలే ఉంటుంది. భయం వెయ్యదు గానీ, ఒక్కోసారి పొద్దున లేచాక ఏ ఊళ్ళో ఉన్నానో గుర్తు రాదు, అప్పుడు పరదా తీసి ఎదురుగా ఉన్న బోర్డు చదువుకుంటా.