వేరుశనగలో ఏ రకం వేసినా అదే తెగులు ఎందుకు?

ప్రశ్న: వేరుశనగలో ఇప్పటికి నాలుగు రకాలు మార్చాను. కాయ ఊరే సమయానికి తిక్క ఆకుమచ్చ, తుప్పు తెగుళ్లు కలిసి వచ్చి ఆకు రాలిపోతోంది. పేర్లు వేరైనా రకాలన్నీ ఒకే వంశానివా? తట్టుకునే రకం లేదా?

జవాబు: మీ అనుమానం చాలావరకు నిజమే. గుత్తిగా పెరిగేవి, తీగలా పాకేవి, ఎర్ర గింజవి, గులాబీ గింజవి అని పైకి ఎన్నో తేడాలు కనిపించినా, లోపలి జన్యువుల్లో వేరుశనగ రకాలన్నీ దగ్గరి చుట్టాలే.

కారణం పంట పుట్టుకలోనే ఉంది. దక్షిణ అమెరికాలో అరాకిస్ డ్యూరనెన్సిస్, అరాకిస్ ఐపాయెన్సిస్ అనే రెండు అడవి జాతులు కలిసి, ఆ సంకరంలో క్రోమోజోములు (జన్యువులను మోసే పోగులు) రెట్టింపు కావడంతో కొన్ని వేల ఏళ్ల కిందట వేరుశనగ పుట్టింది. ఆ జాతుల్లో 20 చొప్పున ఉన్న క్రోమోజోములు ఇందులో 40 అయ్యాయి. ఆ సంఖ్య కుదరక, అక్కడి నుంచి అడవి మొక్కలతో సంకరానికి దారి దాదాపు మూసుకుపోయింది. పైగా ఇది తన పుప్పొడితోనే కాయ కట్టే పంట. ఆపై మేం శాస్త్రవేత్తలం కూడా మంచి దిగుబడినిచ్చే కొద్ది రకాలనే మళ్లీ మళ్లీ తల్లిదండ్రులుగా వాడుతూ వచ్చాం.

తెగుళ్లను గట్టిగా తట్టుకునే గుణం అడవి జాతుల్లో ఉంది. అరాకిస్ కార్డెనాసీ అనే జాతి ఆకుమచ్చనూ తుప్పునూ బాగా ఆపుతుంది. దాన్ని నేరుగా సంకరం చేస్తే 30 క్రోమోజోముల గొడ్డు మొక్క వస్తుంది. దాని క్రోమోజోములను రెట్టింపు చేసి, తిరిగి సాగు రకంతో తరతరాలుగా సంకరం చేస్తూ 40కి తీసుకురావాలి. ఈలోగా చిన్న కాయలు, మందపు పొట్టు, ఆలస్యంగా పక్వానికి రావడం లాంటి అడవి గుణాలూ వెంట వస్తాయి. వాటిని వదిలించడానికే ఏళ్లు పడుతుంది. ఈ దారిలో వచ్చిన వంగడం ఒక తల్లిగా ధార్వాడలో తయారైన రకమే జీపీబీడీ 4. దానిలోని తెగులు నిరోధక భాగాన్ని డీఎన్ఏ గుర్తుల (ఆ భాగం మొక్కలోకి వచ్చిందో లేదో చూపే ఆనవాళ్ల) సాయంతో జేఎల్ 24 లాంటి పాత రకాల్లోకీ చేర్చారు.

పటాన్‌చెరులోని అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ జన్యుబ్యాంకులో, అంటే విత్తన నమూనాలను భద్రపరిచే చోట, 15 వేలకు పైగా వేరుశనగ నమూనాలున్నాయి. అన్నిటినీ పొలంలో పరీక్షించడం కష్టం కనుక, వాటి వైవిధ్యానికి ప్రతినిధులుగా 184 ఎంపిక చేశారు. బెట్టను, తెగుళ్లను తట్టుకునే కొత్త తల్లిదండ్రుల కోసం ముందుగా వెతికేది వీటిలోనే. ఈ నిధిని కాపాడుకోవడం ఎంత అవసరమో మీ పొలమే చెబుతోంది.

ఇక మీరు చేయాల్సింది. ఈసారి రకం ఎంచుకునేటప్పుడు దిగుబడి ఒక్కటే కాకుండా, ఆకుమచ్చ, తుప్పు రెండింటినీ తట్టుకుంటుందా అని అడగండి. మీ నేలకు, కాలానికి సరిపోతుందో లేదో ముందు కొద్ది విస్తీర్ణంలో వేసి చూడండి. మొత్తం పొలం ఒకే రకంతో నింపకండి. తట్టుకునే రకానికి తెగులు అసలు రాదని కాదు, ఆలస్యంగా, తక్కువగా వస్తుంది. కాబట్టి పంట మార్పిడి మానొద్దు. గత పంటలో రాలిన కాయల నుంచి మొలిచిన మొక్కలను పీకేయండి, తుప్పు తెగులు వాటి మీద బతికి కొత్త పంటకు పాకుతుంది. రకం నచ్చితే ఆరోగ్యంగా ఉన్న మొక్కల కాయలను మీరే విత్తనానికి దాచుకోవచ్చు. కాయగానే నిల్వ చేసి, విత్తే ముందు ఒలవండి.