బేస్ స్పీకర్లు కాల్చిన అబ్బాయి ఈసీఈలో చేరాలా?

ఒక అమ్మగారి ప్రశ్న ఇది. అబ్బాయి ఇంటర్ ఎంపీసీ పాసై, సెలవుల్లో మేనమామ సౌండ్ సర్వీసులో పనిచేస్తున్నాడు. మొన్న పెళ్ళి సీజన్‌లో, స్పీకర్లకు పవర్ ఇచ్చే పాత యాంప్ (యాంప్లిఫయర్) చెడిపోతే ఇంకోటి అద్దెకు తెచ్చి తగిలించాడు, ఆ రాత్రే రెండు బేస్ స్పీకర్లు కాలిపోయాయి. యాంప్‌కు ముందు సిగ్నల్‌ను సర్దే కంట్రోలర్ ఉంది, దాని సెట్టింగ్ ఎవరూ ముట్టుకోలేదు. ఇప్పుడు ఈసీఈ సీటు వచ్చినా చేరనంటున్నాడట, సౌండే చేస్తాడట. ఇదీ ఒక ఉద్యోగమేనా అని అడిగారు.

ఉద్యోగమేనమ్మా, మంచి ఉద్యోగం కూడా. కానీ సీటు వదలనివ్వకండి. ఎందుకో ఆ కాలిన స్పీకర్లే చెబుతాయి, కింది భాగం అబ్బాయికి చదివి వినిపించండి.

బాబూ, సెట్టింగ్ ముట్టుకోకపోవడమే ఇక్కడ తప్పు అయ్యుంటుంది. కంట్రోలర్‌లో సిగ్నల్ హద్దు దాటకుండా ఆపే లిమిటర్‌కు నీ స్పీకర్ కనబడదు, తన నుంచి బయటికి పోయే వోల్టేజీ మాత్రమే కనబడుతుంది. లెక్క వేసి చూడు: 400 వాట్ల, 8 ఓమ్‌ల స్పీకర్ అనుకుందాం, 400ని 8తో గుణిస్తే 3200, దాని వర్గమూలం దాదాపు 56.6 వోల్టులు, అదే స్పీకర్‌కు హద్దు. యాంప్ గెయిన్, అంటే అది వోల్టేజీని పెంచే లెక్క, 32 డీబీ (డెసిబెల్స్) అయితే దాదాపు 40 రెట్లు, కాబట్టి కంట్రోలర్ 1.4 వోల్టుల దగ్గర ఆపాలి. అదే 1.4 వోల్టులు 38 డీబీ గెయిన్ ఉన్న యాంప్‌లోకి వెళితే బయటికొచ్చే వోల్టేజీ రెండింతలు, పవర్ నాలుగింతలు, అంటే ఆ యాంప్‌కు సత్తా ఉంటే 1600 వాట్లు! యాంప్ మారిందంటే లిమిటర్ లెక్క మళ్ళీ మొదటి నుంచి వేయాల్సిందే. అదయ్యాక యాంప్ నాబ్‌ల మీద టేపు అంటించు, ఎవరైనా తిప్పితే నీ లెక్క పోతుంది.

ఇంకోటి, స్పీకర్ పోయేది వేడి వల్ల ఒక్కటే కాదు. స్పీకర్ లోపలి తీగచుట్ట, అంటే కాయిల్, వేడెక్కి కాలడం నిదానంగా జరుగుతుంది, దానికి సగటు స్థాయిని చూసి నిదానంగా పట్టే ఆర్ఎంఎస్ లిమిటర్ కావాలి. ముందు ఊగే కోన్ మితిమీరి ఊగి చిరగడం క్షణంలో పని, దానికి ఒక్కసారిగా ఎగిసేవాటిని ఆపే పీక్ లిమిటర్‌తో పాటు, మరీ కింది ఫ్రీక్వెన్సీలను తీసేసే హైపాస్ ఫిల్టర్ కూడా ఉండాలి, ఎందుకంటే పోర్టు (గాలి రంధ్రం) ఉన్న బేస్ బాక్సులో ఆ పోర్టును ట్యూన్ చేసిన ఫ్రీక్వెన్సీ కంటే కిందివి వస్తే కోన్‌ను ఆపే గాలి ఒత్తిడి ఉండదు. ఆన్ చేసేటప్పుడు మిక్సర్, కంట్రోలర్, ఆఖర్న యాంప్. ఆపేటప్పుడు యాంప్ ముందు. ఇది మీ మామయ్యకు తెలిసే ఉంటుంది.

అమ్మా, ఈ డెసిబెల్స్, ఫిల్టర్లు, ఫేజ్ అన్నీ ఈసీఈలో సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్ దగ్గర మొదలై వరసగా వచ్చేవే. వాడు ఇప్పటికే చేత్తో పట్టుకున్నవాటికి అక్కడ కారణం దొరుకుతుంది, అందుకే తోటివాళ్ళకంటే బాగా చదువుతాడని నా నమ్మకం. సీజన్‌లో మామయ్య దగ్గరికి వెళ్ళనివ్వండి, ఆపొద్దు. మిక్సర్ ముందు నిలబడాలని అందరికీ ఉంటుంది, సిస్టమ్‌ను కొలిచి, సర్ది, కాలకుండా కాపాడేవాళ్ళు తక్కువ. ఆడిటోరియాలు, కన్వెన్షన్ హాళ్ళకు సౌండ్ అమర్చే సంస్థలకు కావలసింది ఆ రెండో రకం మనిషి. పుణె ఎఫ్‌టీఐఐ (ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్) సౌండ్ కోర్సు గురించి ఎవరైనా చెబితే, అది ప్రధానంగా సినిమా సౌండ్‌కు, పైగా డిగ్రీ అయ్యాకే. ప్రైవేటు సర్టిఫికెట్ కోర్సులకు డబ్బు కట్టేముందు ఒక్కటి అడగండి: కొలిచే మైకు, నిజమైన సిస్టమ్ విద్యార్థి చేతికి ఇస్తారా?

చెవుల విషయంలో మాత్రం గట్టిగా ఉండండి. పనిచేసేవాళ్ళ ఆరోగ్యం చూసే అమెరికా నియోష్ సంస్థ లెక్క ప్రకారం 100 డెసిబెల్స్ దగ్గర రోజుకు 15 నిమిషాలే భద్రం. ఇయర్‌ప్లగ్స్ లేకుండా పనికి పంపొద్దు.

ఈ ఆదివారం మామయ్య దగ్గరున్న ప్రతి యాంప్ గెయిన్ ఎంతో నోటుబుక్‌లో రాయమనండి. మాన్యువల్‌లో లేకపోతే స్పీకర్ వైర్లు పీకేసి, 60 హెర్ట్జ్ టోన్ వేసి, లోపలికెళ్ళే వోల్టేజీ, బయటికొచ్చేది మల్టీమీటర్‌తో కొలవాలి. మామయ్య పక్కనుంటేనే, ఎందుకంటే ఆ టెర్మినల్స్ దగ్గర షాక్ కొట్టేంత వోల్టేజీ ఉంటుంది.