ఐదో పీరియడ్‌లో ఒక్క నిమిషం

చిరంజీవి అమ్మాయికి,

పెద్దమ్మ ఆశీస్సులు. గుంటూరు మున్సిపల్ హైస్కూల్లో ఎనిమిదో తరగతి అప్పజెప్పారనీ, పిల్లలు మాట వినడం లేదనీ రాత్రి ఫోన్లో ఏడ్చినంత పని చేశావు. అందుకే రాస్తున్నాను.

ముందు బోర్డు మీద పేర్లు రాయించడం మానెయ్. లీడర్ తన స్నేహితుల్ని వదిలేస్తాడు, పడనివాళ్ల పేరు పక్కన ఇంటూ మీద ఇంటూ పెడతాడు. పిల్లలు నోరు మూసుకుంటారు గానీ లోపల ఉడికిపోతుంటారు. గుంజీలు, బెంచీ ఎక్కించడాల జోలికి అసలు పోకు. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. చట్టం లేకపోయినా పసివాళ్లను పదిమందిలో చిన్నబుచ్చడం తప్పే.

భోజనం తర్వాత వచ్చే పీరియడే కష్టం. కంచాలు కడుక్కుని తడిచేతులు చొక్కాలకి తుడుచుకుంటూ పరిగెత్తుకొస్తారు. పైన గుంటూరు ఎండ సంగతి తెలిసిందేగా. అలాంటప్పుడు "సైలెన్స్!" అని అరిస్తే నీ గొంతు పోవడం తప్ప లాభం లేదు. "ఒక్క నిమిషం ఊరికే కూర్చుందాం" అని మెల్లగా చెప్పి, నువ్వూ కూర్చో. రిజిస్టర్ తెరవకు, ఫోన్ ముట్టుకోకు. నువ్వు మౌనంగా లేకపోతే వాళ్లెందుకుంటారు? కళ్లు మూసుకోమనీ, దేవుణ్ణి తలుచుకోమనీ అనకు. సర్కారు బడిలో మతబోధ కూడదని రాజ్యాంగం 28వ అధికరణమే చెబుతోంది. ఆ నిమిషంలో ఎవరేం తలుచుకున్నా అది వాళ్లిష్టం.

మొదట్లో ఎవరో ఒకరు కిసుక్కుమంటారు. పట్టించుకోకుండా, నిమిషం అవగానే పాఠంలోకి దిగు. "గోల చేశారు కాబట్టి పది నిమిషాలు నోరెత్తొద్దు" అన్నావా, ఆ నిమిషం కూడా శిక్షల్లో కలిసిపోతుంది, ఇక పనికిరాదు. జనవరి 30న పదకొండింటికి పాటించే రెండు నిమిషాల మౌనం గురించి కూడా ముందురోజే చెప్పు. గాంధీగారిని చంపిన రోజనీ, దేశం కోసం ప్రాణాలిచ్చినవాళ్ల కోసమనీ తెలిస్తే మనసుపెట్టి నిలబడతారు.

ఇంకొకటి. ప్రశ్న అడిగాక నువ్వు ఆగాలి. మేరీ బడ్ రో అనే అమెరికన్ పరిశోధకురాలు 1970లలో గమనించింది: టీచర్లు ప్రశ్న అడిగి సెకను కూడా ఆగరట, మూడు సెకన్లు ఆగితే జవాబులు పెద్దవవుతాయట. ముందు బెంచీ చేతులు టకటకా లేస్తాయి, తొందరపడి వాళ్లనే అడగకు. వెనక బెంచీలో ఎవరో పెదాలు కదుపుతుంటారు చూడు, ఆ పిల్లని పేరుపెట్టి పిలువు.

సంక్రాంతికి వచ్చినప్పుడు ఆ పిల్లల కబుర్లన్నీ చెబుదువుగాని.

మీ పెద్దమ్మ