కూడలిలో బండ్లు లెక్కపెట్టే కొడుకు

ప్రశ్న: మా అబ్బాయి తిరుపతిలో బీటెక్ సివిల్ మూడో సంవత్సరం చదువుతున్నాడు. ట్రాఫిక్ ఇంజినీర్ అవుతానంటాడు. చిన్నప్పటి నుంచీ బస్సులంటే పిచ్చి. సెలవు వస్తే నోటుపుస్తకం పట్టుకుని లీలామహల్ సర్కిల్‌లో నిలబడి బండ్లు లెక్కపెడతాడు. 'ట్రాఫిక్ పోలీసు పనికి ఇంజినీరింగ్ ఎందుకు?' అని వాళ్ల నాన్నగారి కోపం. ఈ సరదాను నమ్ముకుని ముందుకు పంపవచ్చా?
- ఒక తల్లి, చిత్తూరు

జవాబు: అమ్మా, ముందు మీవారి కోపం సంగతి చూద్దాం. చిక్కుకుపోయిన బండ్లను అప్పటికప్పుడు కదిలించేది పోలీసు. సిగ్నల్ ఎన్ని సెకన్లు పచ్చగా ఉండాలి, ఆటోలు ఎక్కడ ఆగాలి, బస్సు తిరగడానికి మలుపు ఎంత వెడల్పుండాలి అని ముందే లెక్కకట్టేది ఇంజినీర్. మీరు తిరుమల వెళ్లినప్పుడు చూసే ఉంటారు: ఎక్కడానికి ఒక ఘాట్ రోడ్డు, దిగడానికి మరొకటి. అలిపిరిలో బండికి సమయం వేసిన చీటీ ఇస్తారు, మరీ తొందరగా పైకి చేరితే అడుగుతారు. ఒక్క మలుపులో కాదు, దారి పొడవునా వేగాన్ని పట్టి ఉంచే ఉపాయం అది. ట్రాఫిక్ ఇంజినీర్ ఆలోచన ఇలాగే ఉంటుంది.

ఇక ఆ నోటుపుస్తకం. వీలైతే ఒకసారి తెరిచి చూడండి. 'సాయంత్రం మొత్తం 2,000 బండ్లు' అని మాత్రమే ఉంటే అది కాలక్షేపం. పావుగంటకో వరుస గీసి, బైకు, ఆటో, కారు, బస్సు వేరుచేసి, ఏది ఎటు తిరిగిందో రాసుకుని ఉంటే, మీవాడు ఈ వృత్తిలో మొదటి పాఠం తనంతట తానే నేర్చుకున్నట్టు. ఎందుకంటే రోడ్డుకు అన్ని బండ్లూ ఒకటి కావు. గ్రామీణ రహదారుల కోసం, రోడ్లకు ప్రమాణాలు నిర్ణయించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1990లో ఇచ్చిన పట్టికలో రోడ్డు మీద కారు లెక్క 1 అయితే మోటార్ సైకిల్ 0.5, బస్సు 3. పెద్ద ఎడ్లబండి ఏకంగా 8! నాకు ఆ పట్టికలో అన్నిటికన్నా ఇష్టమైన అంకె అదే. చోటు ఆక్రమించడమే కాదు, నిదానంగా నడిచి వెనకవాళ్లను ఎంత ఆపుతుందో కూడా అందులో లెక్కే.

అబ్బాయికి నా తరఫున ఒక ప్రశ్న వేయండి. తిరుపతిలో 2023లో పూర్తయిన ఫ్లైఓవర్ శ్రీనివాస సేతు మీదికి ఎవరు వెళ్తున్నారు, కిందే ఎవరు మిగిలిపోతున్నారు, ఎందుకు? కొండకు వెళ్లే యాత్రికుల బండికీ, కింద కూరగాయలు కొనుక్కుని ఇంటికెళ్లే స్కూటరుకూ ఒకే వంతెన ఒకేలా ఉపయోగపడదు. పెన్నూ కాగితం తీసి రెండు పేజీలు రాయగలిగితే నిశ్చింతగా పంపండి.

బస్సుల మీద ప్రేమ ఒక్కటే చాలదని మాత్రం గట్టిగా చెబుతాను. ఈ పనిలో సగం గణాంకశాస్త్రం, పావు వంతు నివేదికలు రాయడం. సంభావ్యత అంటే పారిపోయేవాడైతే మొదటి సెమిస్టరులోనే విసుగెత్తుతాడు. ఇప్పటినుంచే ప్రోగ్రామింగ్ కోసం పైథాన్, పటాల కోసం క్యూజీఐఎస్, వాహనాల కదలికను కంప్యూటర్‌లో ఆడించి చూసే సుమో నేర్చుకోమనండి. మూడూ ఉచితమే.

తర్వాత ఎం.టెక్ ప్రవేశానికి పెట్టే గేట్ పరీక్ష రాసి ట్రాన్స్‌పోర్టేషన్ ఇంజినీరింగ్‌లో ఎం.టెక్. వరంగల్ ఎన్ఐటీ, మద్రాసు ఐఐటీ మీకు అందుబాటులో ఉన్న మంచి చోట్లు. ఉద్యోగాలు ఎక్కువగా కన్సల్టెన్సీల్లో, మెట్రో ప్రాజెక్టుల్లో దొరుకుతాయి. ప్రభుత్వంలో 'ట్రాఫిక్ ఇంజినీర్' పేరుతో పోస్టులు అరుదు. సివిల్ ఇంజినీర్‌గా చేరి ఆ విభాగానికి వెళ్లాల్సి వస్తుంది, కాబట్టి సివిల్ సబ్జెక్టులను అశ్రద్ధ చేయకూడదు. మొదటి జీతం సాఫ్ట్‌వేర్‌లో చేరిన స్నేహితుడి జీతం కన్నా తక్కువే ఉండవచ్చు. ఆ మాట వాళ్ల నాన్నగారికి ఇప్పుడే చెప్పేయండి, రెండేళ్ల తర్వాత మళ్లీ గొడవ ఉండదు.